నిమ్మఉప్పు పట్టీ కేసు

ఎనభైల్లో మా ఆఫీసు గుంటూరు అరండల్‌పేటలో ఒక మేడ మీద ఉండేది. బోర్డు మీద ‘పేటెంట్ ఏజెంట్లు’ అని రాయించారు మా సీనియర్ సోమయాజులు గారు. ఆ ఊళ్ళో ఏజెంటు అంటే మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటే. ఎండాకాలం వచ్చిందంటే రైతులు చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కి వచ్చి, "సన్నాలు ఎంత పలుకుతున్నాయమ్మా ఇయ్యాళ?" అని నన్నడిగేవారు. నాకు తెలియదంటే, తెలియనిదానివి కుర్చీలో ఎందుకు కూర్చున్నావన్నట్టు చూసేవారు. వాళ్ళకి మంచినీళ్ళిచ్చి యార్డుకి దారి చెప్పడం కూడా నా ఉద్యోగంలో భాగమైపోయింది.

ఇప్పుడు ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలు, "మీరు గెలిచిన కేసుల గురించి చెప్పండి మేడమ్" అంటారు. గెలిచినవి చెప్పుకోవడానికి నాకు పెద్దగా ఉత్సాహం లేదు. గెలిస్తే మన తెలివి మనకే ముద్దొచ్చి, అసలేం జరిగిందో సరిగ్గా చూడం. ఓడిన కేసొకటి మాత్రం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. చట్టప్రకారం ఓడిపోవలసిన కేసే అది. మోసం జరిగి ఓడిపోతే తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉంటాడు. ఇందులో ఎవరినీ తిట్టలేను.

సీనియర్ గారు

నేను నల్లపాడు బడిపంతులు గారి అమ్మాయిని. కెమిస్ట్రీ చదివి, ఆ తరవాత లా చదివాను. ఆడపిల్ల కోర్టులో ఏం వాదిస్తుందని ఎవరూ జూనియర్‌గా తీసుకోని రోజుల్లో సోమయాజులు గారు తీసుకున్నారు. కెమిస్ట్రీ తెలిసిన మనిషి ఆయనకి కావాలి, నాకు కుర్చీ కావాలి. అంతకుమించి ఆయనలో సంస్కరణ ఉత్సాహం ఏమీ లేదు. మామూలుగా తెలుగు మాట్లాడేవారు, కోపమొస్తే ఇంగ్లీషు, మరీ కోపమొస్తే సంస్కృతం.

చట్టం ఆయనకి కంఠతా వచ్చు. చట్టం ఎలా వచ్చో అలాగే ప్రశ్నలూ వచ్చు. కొత్త వస్తువు కనిపెట్టానని ఎవరొచ్చినా అవే ప్రశ్నలు, అదే వరసలో అడిగేవారు. ఎక్కడైనా అచ్చయిందా? అమ్మారా? బయటవాళ్ళకెవరికైనా చెప్పారా? దరఖాస్తు పెట్టకముందే ఆ వస్తువు గుట్టు నలుగురికీ తెలిసిపోయి ఉంటే పేటెంటు రాదు. అప్పటికది కొత్తది కానట్టే లెక్క. మా వృత్తిలో అన్నిటికన్నా మొదట నేర్చుకునే సంగతి ఇదే. ఆయన ప్రశ్నల్లో తప్పేం లేదు. కాకపోతే అవి మద్రాసులో, ఇంగ్లీషు పుస్తకాల్లో పుట్టిన ప్రశ్నలు.

సాంబశివరావు గారి పట్టీ

సాంబశివరావు గారిది పర్చూరు దగ్గర ఒక పల్లెటూరు. పత్తీ మిర్చీ పండించే కుటుంబం. ఆయన మాత్రం నరసరావుపేటలో కెమిస్ట్రీ లెక్చరరు. అక్కడ ఆయన అద్దె ఇల్లు ఒక నర్సింగ్ హోమ్ గోడకి ఆనుకుని ఉండేది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో కాళ్ళూ చేతులూ కాల్చుకున్న కూలీలని అక్కడికి తెచ్చేవారు. రోజూ పొద్దున కట్లు మార్చేవేళ, ఎండి పుండుకి అతుక్కుపోయిన గుడ్డని పీకితే, అప్పుడప్పుడే వస్తున్న కొత్త చర్మం కూడా దాంతో ఊడివచ్చేది. ఆ కేకలు వింటూ ఈయన పాఠాలు తయారుచేసుకునేవారు.

"ఎన్నాళ్ళని రేడియో సౌండు పెంచుకుంటామండీ?" అన్నారు మొదటిరోజు మాతో.

జిన్నింగ్ మిల్లులో పత్తి తీసేశాక గింజకి అంటుకుని మిగిలే నూగుంటుంది. దాన్ని ఉడికించి, శుభ్రం చేసి, కాలేజీ లేబరేటరీలో ఏళ్ళతరబడి కుస్తీపట్టి, నీళ్ళు తాగే తెల్లటి పొడి ఒకటి చేశారు. ఆ పొడి తడిస్తే కరిగి కారిపోయేది. అక్కడే చాలాకాలం ఆగిపోయారు. చివరికి దానికి కొంచెం నిమ్మఉప్పు కలిపి, పల్చటి గుడ్డ మీద పరిచి, వేడిగా అదిమితే కరగకుండా నిలిచింది. పుండులోంచి కారే రసిని తాగి, ఉబ్బి, తాటిముంజెలా జారుడుగా మారేది. తీసేటప్పుడు అతుక్కోదు. కనిపెట్టినదంతా ఆ నిమ్మఉప్పులోనూ, ఆ వేడిలోనూ ఉంది.

సీనియర్ గారి టేబుల్ మీద ఒక పట్టీ పెట్టి, గ్లాసెడు నీళ్ళు దానిమీద నెమ్మదిగా పోశారు. తరవాత దాన్నెత్తి ఆయన ఫైళ్ళమీద తలకిందులుగా పట్టుకున్నారు. సీనియర్ గారు కుర్చీలోంచి గభాల్న లేచారు.

"నీళ్ళు పడవండి. కూర్చోండి" అన్నారు సాంబశివరావు గారు నవ్వుతూ. నిజంగానే ఒక్క చుక్క పడలేదు.

ఆ తరవాత మామూలు ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఎక్కడైనా అచ్చయిందా?"

"లేదండి."

"అమ్మారా?"

"ఒక్కటి కూడా అమ్మలేదండి."

"బయటవాళ్ళకి చెప్పారా?"

"బయటవాళ్ళకి ఎందుకు చెబుతానండీ?"

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

మందా, గుడ్డా?

దరఖాస్తు మద్రాసు పేటెంట్ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడినుంచి వచ్చిన మొదటి అభ్యంతరం నేను ఊహించిందే. అప్పటి చట్టంలో మందుకి పేటెంటు లేదు, మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉంది. అదీ కొద్దికాలానికే. ఇది పుండుమీద వేసేది కాబట్టి మందే కదా అన్నారు వాళ్ళు. ఆ మాట నిలిస్తే ఇంకొకడు పద్ధతిలో పిసరంత మార్చి ఇదే పట్టీ చేసుకోవచ్చు. గుంటూరు జిన్నింగ్ మిల్లు యజమాని ఒకాయన పట్టీల కోసం చిన్న ఫ్యాక్టరీ పెట్టడానికి ముందుకొచ్చాడు. వస్తువుమీద గట్టి హక్కుంటేనే పెడతానని ముందే తేల్చి చెప్పాడు.

సీనియర్ గారి వాదన నేను చూసినవాటిలో గొప్పది. "దూది రక్తాన్ని పీలుస్తుంది. అంతమాత్రాన దూదిని మందంటామా? ఈ పట్టీ శరీరానికి ఏమీ ఇవ్వదు, దాన్నుంచి తీసుకుంటుంది" అన్నారు. అధికారి ఒప్పుకున్నారు. పట్టీని వస్తువుగానే లెక్కలోకి తీసుకుని, అభ్యంతరాలేమైనా ఉంటే చెప్పుకోమని గెజెట్‌లో ప్రకటించారు. ఆరోజు సాంబశివరావు గారు మా ఆఫీసంతటికీ మిఠాయిలు తెచ్చారు. సీనియర్ గారు అంతటి మడిమనిషీ రెండు తిన్నారు.

గడువు ఇంకా మిగిలి ఉండగానే మద్రాసులో పుండ్లకి కట్టే గాజుగుడ్డ, బ్యాండేజీలు చేసే ఒక కంపెనీ అభ్యంతరం వేసింది. దరఖాస్తుకి ముందే ఈ పట్టీ తయారీ జనానికి తెలుసునని వాళ్ళ వాదన. మేం నవ్వుకున్నాం. లోకంలో ఆ పట్టీ చూసింది సాంబశివరావు గారూ, ఆయన లేబరేటరీ గోడలూ, మేమూ అనుకున్నాం.

ఊరు చెప్పిన సాక్ష్యం

వాళ్ళ సాక్ష్యం కాపీ మాకు చేరాక సీనియర్ గారు సాంబశివరావు గారిని పిలిపించారు.

"పెదవీరయ్య ఎవరు?"

"మా మావయ్యండి. మా అమ్మకి అన్నయ్య. నన్ను చదివించింది ఆయనే."

"ఆయనే మీమీద సాక్ష్యం చెప్పాడు."

సాంబశివరావు గారు నవ్వారు. సీనియర్ గారు నవ్వకపోవడం చూసి ఆపేశారు.

సంగతేమిటంటే, మా దగ్గరికి రావడానికి కొన్ని నెలల ముందు ఊళ్ళో ఆయనకి సన్మానం చేశారు. మా జిల్లాల్లో అదొక జబ్బు. కుర్రాడికి ఉద్యోగమొస్తే సన్మానం, ఎడ్లు పందెం గెలిస్తే యజమానికి సన్మానం. మేనల్లుడు ఏదో కనిపెట్టాడని తెలియగానే పెదవీరయ్య గారు స్కూలు ఆవరణలో షామియానా వేయించి, చుట్టుపక్కల ఊళ్ళకి మైకులో చెప్పించారు. శాలువా కప్పాక, "ఒరేయ్ సాంబా, ఎట్టా చేశావో మనోళ్ళందరికీ చూపించు" అన్నారు. చూపించకపోతే పొగరనుకుంటారు. ఈయన చూపించారు. చాకలివాళ్ళ ఇంటినుంచి బొగ్గుల ఇస్త్రీపెట్టె తెప్పించి, పొడిలో నిమ్మఉప్పు కలిపి, గుడ్డమీద పరిచి, ఇస్త్రీ చేసి చూపించారు. పొడి ఎలా చేశారో, దేంట్లో ఎంత కలపాలో మైకులోనే చెప్పారు. తడిసిన పట్టీని ప్రెసిడెంటు గారి నెత్తిమీద తలకిందులుగా పట్టుకుంటే ఊరంతా ఈలలు వేసిందట. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి, ఇలాంటిదానికి పేటెంటు తీసుకోవాలని ఉపన్యాసంలో సలహా ఇచ్చారట. ఆ సలహా వినే ఈయన మా మెట్లెక్కారు.

"బయటవాళ్ళకి చెప్పలేదన్నారు కదండీ?" అన్నాను నేను.

"వాళ్ళు బయటవాళ్ళెందుకవుతారమ్మా? మా ఊరివాళ్ళు" అన్నారు.

ఆ వార్త ఆ కంపెనీకి ఎలా చేరిందో నాకు తెలియదు. వాళ్ళ మనిషి ఒకాయన కారులో ఆ ఊరు వెళ్ళాడు. తెలుగువాడే, మర్యాదస్థుడు. సాంబశివరావు గారి పేటెంటు విషయమై ఎంక్వైరీకి వచ్చానన్నాడు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అయితే మా ఊళ్ళలో మనవాడి గురించి ఎంక్వైరీ అంటే పెళ్ళి సంబంధానికో, సర్కారు ఉద్యోగానికో వస్తారు. అలా ఎవరొచ్చినా ఊరు ఊరంతా మనవాణ్ణి మెచ్చుకోవాలి. ఒక్క మాట తగ్గించి చెబితే కుర్రాడి బతుకు పాడవుతుందని భయం. పెదవీరయ్య గారు అతనికి కోడికూరతో భోజనం పెట్టించి, అరుగుమీద నలుగుర్నీ పోగేసి, "మావోడు ఏదీ దాచుకునే రకం కాదండీ. అందరి ముందూ చేసి చూపిచ్చాడు. కావాలంటే మా ఊళ్ళో చిన్న పిల్లకాయని అడగండి, నిమ్మఉప్పు సంగతి చెబుద్ది" అన్నారట. అతను సంతకం పెడతారా అంటే, పర్చూరుదాకా కారులో వెళ్ళి నోటరీ ముందు పెట్టి వచ్చారు. మేనల్లుడికి ఎంత మేలు చేశానా అని ఆ రాత్రి ఆయన నిద్రపోయి ఉండరు.

సీనియర్ గారు అదంతా విని, "దీనికి దారి ఒకటే. ముసలాయన్ని క్రాస్ ఎగ్జామిన్ చెయ్యాలి. ఆయనకేం కనిపించిందో, ఏం అర్థమైందో ఆయనకే తెలియదని తేల్చాలి" అన్నారు.

"ఆయన మనసు నొప్పించకుండా అడగండి" అన్నారు సాంబశివరావు గారు.

"నొప్పి లేకుండా ఊడదీయడం మీ పట్టీకి చాతనవుతుంది కాని, నాకు చాతకాదు" అన్నారు సీనియర్ గారు.

మద్రాసులో

విచారణ రోజున పెదవీరయ్య గారు ఇస్త్రీ పంచె కట్టుకుని, కంపెనీవాళ్ళ కారులోనే దిగారు. చేతిలో వేటపాలెం జీడిపప్పు పొట్లం. అధికారి గారికిస్తే బాగుంటుందా అని నన్నే చెవిలో అడిగారు. వద్దండీ అన్నాను. తనని తీసుకొచ్చినవాళ్ళ పక్కనే మర్యాదగా కూర్చుని, ఎదురుగా ఉన్న మేనల్లుణ్ణి చూసి, ఏం భయపడకురా అన్నట్టు చెయ్యి ఊపారు.

అధికారి ముందు ఆయన ఒకవైపు నిలబడ్డారు. తెలుగు తెలిసిన గుమాస్తా ఒకతను ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నాడు. సీనియర్ గారు లేచారు.

"వీరయ్య గారూ, కళ్ళు బాగా కనపడతాయా?"

"ఇప్పుడు బానే కనపడతన్నాయండి. చీరాల్లో శుక్లాలు తీశారు."

"సన్మానం జరిగింది శుక్లాలు తీయించుకోకముందా, తరవాతా?"

"ముందేనండి."

"అంటే ఆరోజు మీకు సరిగ్గా కనపడలేదు."

"వాడి పక్కనే కూర్చున్నా గదండీ."

"ఎంతవరకు చదువుకున్నారు?"

"నాలుగో తరగతండి."

"రసాయన శాస్త్రం తెలుసా?"

"నాకేం తెలుసుద్దండీ? మావోడికి తెలుసు."

"మీకు చూపు లేదు, చదువు లేదు, ఆ శాస్త్రం తెలియదు. ఎవరో రాసిన కాగితం మీద, కోడికూర తిని వెళ్ళినవాడు పెట్టమంటే సంతకం పెట్టారు. అంతేనా?"

పెదవీరయ్య గారి మొహం ఎర్రబడింది. ఊళ్ళో పంచాయితీలు తీర్చే మనిషి. తనతో ఎవరూ ఎప్పుడూ అలా మాట్లాడి ఉండరు. ఆయన అధికారిని వదిలేసి మేనల్లుడివైపు తిరిగారు.

"ఒరేయ్ సాంబా, ఈయన మన వకీలేగదరా? నన్నిట్టా అంటన్నాడేందిరా?"

గుమాస్తా దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు. సీనియర్ గారు ఇంకో ప్రశ్నకి గొంతు సవరించుకుంటున్నారు. అది బాగా నడుస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. ఇంకో రెండు ప్రశ్నలకి ఆ ముసలాయన మాట ఎవరూ నమ్మలేని స్థితికి వచ్చేది. సాంబశివరావు గారు లేచి నిలబడ్డారు.

"ఇక చాలండి. మా మావయ్య చెప్పిందంతా నిజం. కళ్ళు కనపడటం లేదని నిమ్మఉప్పు ఆయన చేతిలో పోశాను, నాలుకమీద వేసుకుని చూడమన్నాను. నేను ఆరోజు ఏదీ దాచలేదు."

సీనియర్ గారు ఫైలు మూసేశారు. అది బయటి జనానికి చెప్పడం కాదు, పరీక్ష కోసం చేసిన ప్రయోగమేనని తరవాత కాసేపు వాదించారు. మైకు పెట్టి, షామియానా వేసి చేసింది ప్రయోగమని ఎవరు నమ్ముతారు? తిరుగు రైల్లో ఆయన ఇంగ్లీషూ మాట్లాడలేదు, సంస్కృతమూ మాట్లాడలేదు. సాంబశివరావు గారు నాతో ఒకే ఒక్కమాటన్నారు. "కేసు పోయిందని మావయ్యకి తెలియనివ్వకండమ్మా. ఇంకా నడుస్తోందనే చెబుతాను."

ఆర్డరు వచ్చింది. పేటెంటు నిరాకరించారు. అధికారి రాసినదాంట్లో నేను తప్పు పట్టగలిగిన వాక్యం ఒక్కటి లేదు. అందరికీ తెలిసినదాన్ని ఒకరి సొత్తు చెయ్యకూడదు, న్యాయమే. ఇక ఆ పట్టీని ఎవరైనా చేసుకోవచ్చు. ఎవరైనా చేసుకోవచ్చు కాబట్టి ఎవరూ చెయ్యలేదు. మిల్లు యజమాని, రేపు ఇంకొకడు ఇదే చేసి తక్కువకి అమ్మితే నా గతేమిటని తప్పుకున్నాడు. మద్రాసు కంపెనీకి పట్టీతో పనే లేదు, వాళ్ళ గాజుగుడ్డ వాళ్ళు అమ్ముకోగలిగితే చాలు. సాంబశివరావు గారు కొన్నాళ్ళు కాలేజీలో పొడి చేసి, ఇంట్లో పట్టీలు అదిమి పక్కింటి నర్సింగ్ హోమ్‌కి ఇచ్చేవారు. కాలేజీవాళ్ళు లేబరేటరీ వాడొద్దన్నాక అదీ ఆగింది. బట్టీ కూలీల పుండ్లకి మళ్ళీ ఎండిపోయే గుడ్డే గతయింది. ఈ వృత్తిలో నన్ను ఎక్కువ దిగులుపెట్టేది ఇదే. చట్టం, జనం, అధికారి, అందరూ సరిగ్గానే ఉన్నారు. పట్టీ ఒక్కటే లేకుండా పోయింది.

ఈ కేసు తరవాత నేను మా ప్రశ్నలకి ఒకటి కలిపాను. మీకెవరైనా సన్మానం చేశారా అని అడుగుతాను. సీనియర్ గారు వినీ విననట్టు ఊరుకునేవారు. మీరూ అడగండి. పుస్తకంలో లేదు కదా అని మానకండి.

పెదవీరయ్య గారు

ఆ మరుసటి ఏడు ఒకరోజు సీనియర్ గారు కోర్టుకి వెళ్ళిన వేళ పెదవీరయ్య గారు మా ఆఫీసుకొచ్చారు. యార్డులో ఆ మిల్లు యజమాని కనిపించి, కేసెప్పుడో పోయిందనీ, పోయింది ఆయన నోటివల్లేననీ చెప్పాడట.

"నిజమేనా అమ్మా?"

నాకు అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "నిజమేనండి" అన్నాను.

"వాణ్ణి మెచ్చుకోడమే తప్పయిందా?"

నా దగ్గర చట్టం చెప్పే జవాబుంది. ఆయన అడిగింది దాన్ని కాదు. ఆయన కుర్చీ నా టేబుల్ దగ్గరికి జరుపుకున్నారు.

"అయితే ఇప్పుడు రాయి తల్లీ. వాడు ఏం చేశాడో నేను చూళ్ళేదని రాయి. నిమ్మఉప్పు సంగతి నాకు తెలవదని రాయి. సంతకం పెడతా."

"అది అబద్ధం కదండీ."

"నాకు తెలవదా? ఇంతకాలంలో నేను అబద్ధపు సాక్ష్యం చెప్పలా, చెప్పినోణ్ణి అరుగెక్కనివ్వలా. వాడికోసం చెబుతా. రాయి."

చేతులు టేబుల్ మీద పెట్టుకుని కాగితం కోసం చూస్తున్నారు. అది నిలవదని చెప్పాను. మీ మాట నిజమని సాంబశివరావు గారే అధికారి ముందు నిలబడి ఒప్పుకున్నారు, ఇప్పుడు మీరు కాదంటే అబద్ధమాడింది ఆయనే అవుతారు అన్నాను.

ఆయన మద్రాసులో విచారణ జరిగిన రోజుని మళ్ళీ తలుచుకున్నారు.

"అంటే ఆ వకీలు నన్ను ఎందుకూ పనికిరానోణ్ణి చేస్తంటే, వాడు చూళ్ళేక లేచాడు. లేవకపోతే వాడికా పేటెంటు వచ్చేది."

"వచ్చేదేమోనండి."

"నాకు చెప్పొద్దన్నాడా?"

"చెప్పొద్దన్నారండి. మొన్న కనిపించినప్పుడు కూడా అన్నారు."

పెదవీరయ్య గారు పైగుడ్డతో కళ్ళు తుడుచుకుని లేచారు. గుమ్మందాకా వెళ్ళి ఆగారు.

"నాకు తెలిసిందని వాడికి చెప్పమాక తల్లీ" అన్నారు.

నేను చెప్పలేదు.